నేను పేరు తప్పు రాసిన గడ్డ

పాథాలజీలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి, ఏ మైక్రోస్కోపు మంచిది అని అడుగుతారు. భయం సంగతి ఎవరూ అడగరు. నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ దవాఖానల్లో ముప్పై ఏళ్లకు పైగా రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు చూసి రిపోర్టులు రాశాను. భయం లేకుండా సంతకం పెట్టింది మొదటి రెండు మూడేళ్లే. ఆ రోజుల్లోనే నా వల్ల ఒక మనిషికి కీడు జరిగింది. ఇది ఆ మనిషి గురించి, ఆయన ఇంటి గురించి.

మాది రామన్నపేట దగ్గర నేత కుటుంబం. డాక్టరంటే నాడి పట్టుకునే మనిషి అని మా నాయిన అనుకున్నాడు. నేను రోగి ముఖం చూడని డాక్టరునయ్యానంటే ఆయనకు చాలాకాలం మింగుడుపడలేదు.

"మనిషిని చూడకుంట రోగం పేరెట్ల చెప్తవ్ బిడ్డా?" అన్నాడొకసారి.

"ముక్క చూసి చెప్త నాయినా" అన్నాను గర్వంగా.

ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని తెలుసుకోవడానికి నాకు ఒక చావు కావలసి వచ్చింది.

యాదగిరి ముక్క

నేను చేరినప్పుడు, ఎనభైల మొదట్లో, జిల్లా దవాఖానలో పాథాలజీ అంటే ఒక్క గది. కిటికీ పక్కన బల్ల, దాని మీద అద్దంతో వెలుతురు పట్టే పాత మైక్రోస్కోపు. కరెంటును నమ్ముకోలేక, ఎండ ఉన్నంతసేపే స్లైడ్లు చూసేదాన్ని. ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోసి దిమ్మ చేసి, ఆ దిమ్మను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు మీద పరిచి రెండు రంగులు వేస్తారు. కణం నడిమి గింజ నీలంగా, మిగతా ఒళ్లు గులాబీగా తేలుతుంది. ఆ నీలం, గులాబీలతోనే జిల్లా మొత్తానికి రోగాల పేర్లు రాసేవాళ్లం.

యాదగిరికి అప్పుడు నలభై దాటాయి. కుడివైపు ఛాతీలో నీరు పట్టింది. ఛాతీలో నీరంటే మా వైపు ముందు గుర్తొచ్చేది టీబీ. ఆరు నెలలు టీబీ మందులు మింగాడు. నీరు తీసినకొద్దీ మళ్లీ ఊరింది, పైగా నెత్తురు కలిసి వచ్చింది. అప్పుడు ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర నుంచి సూదితో చిన్న ముక్క తీసి నాకు పంపారు. ఫారం మీద పేరు, వయసు, పక్కన "కూలీ" అని రాసి ఉంది.

స్లైడులో కణాలు గుండ్రంగా, గ్రంథుల్లాగా పేర్చుకుని ఉన్నాయి. గ్రంథి క్యాన్సర్ అనిపించింది. మా భాషలో అడినో కార్సినోమా. అది ఊపిరితిత్తిలోనో పొట్టలోనో ఇంకెక్కడో పుట్టి, పాకుతూ వచ్చి ఈ పొర మీద పడుతుంది. అచ్చం ఇలాగే కనిపించే గడ్డ ఇంకొకటి ఉంది. అది ఎక్కడినుంచో రాదు, ఆ పొరలోనే పుడుతుంది. దాన్ని మీసోథీలియోమా అంటారు. అది అరుదు, మన దగ్గర కనపడదు అని మాకు చెప్పిన పాఠం. కనపడదని చెప్తే ఇక వెతకరు గదా. నేనూ వెతకలేదు.

రెండింటినీ వేరు చేయడానికి ఆ రోజుల్లో మా దగ్గర ఉన్న ఉపాయం ఒక ఎర్రరంగు పరీక్ష. గ్రంథి క్యాన్సర్ కణాల్లో జిగురు ఉంటుంది, అది ఎర్రబడుతుంది. కానీ కణం దాచుకునే పిండిలాంటి పదార్థం కూడా అలాగే ఎర్రబడుతుంది. తేడా తేల్చాలంటే ఇంకో స్లైడు మీద ముందు ఉమ్మి వేసి కాసేపు ఉంచి, కడిగి, ఆ తర్వాత రంగు వేయాలి. నవ్వకండి. ఉమ్మికి పిండిని కరిగించే గుణం ఉంది. ఖరీదైన మందు దొరకని లాబుల్లో అందరం అదే వాడేవాళ్లం. ఉమ్మి వేశాక కూడా ఎరుపు నిలిస్తే జిగురు, పోతే పిండి.

నేను ఆ రెండో స్లైడు చేయలేదు. తెలియక కాదు. మొదటి స్లైడులో ఎరుపు కనిపించగానే నాకు కావలసింది దొరికిందనిపించింది. "గ్రంథి క్యాన్సర్. వేరేచోట నుంచి పాకినది. మూలం వెతకవలెను" అని రాసి సంతకం పెట్టాను.

వాళ్లు వెతికారు. యాదగిరికి ఆకలి లేదు, పొట్ట దగ్గర నొప్పి అన్నాడు. పొట్ట ఎక్స్‌రే అనుమానంగా ఉందన్నారు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు పంపితే అక్కడ కడుపు కోసి చూశారు. లోపల ఏమీ లేదు. ముందే చిక్కి సగమైన మనిషి, కోత మానలేదు, చీము పట్టింది. తొమ్మిదో రోజు పోయాడు.

ఆ సంగతి మా దవాఖాన ఛాతీ డాక్టరు వరండాలో నడుస్తూ చెప్పాడు.

"నీ మనిషి పోయిండమ్మా. కడుపుల ఏం దొరకలే."

నీ మనిషి అన్నాడు. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఏమీ దొరకకపోవడం ఏమిటన్న అనుమానం మాత్రం నాలో దిగబడింది. యాదగిరి మైనపు దిమ్మను బల్ల సొరుగులో విడిగా పెట్టుకున్నాను. పాతవి పారేసే రోజు వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు తీసేదాన్ని.

హబీబ్ సార్ దగ్గర

రెండేళ్ల తర్వాత కొత్త పరీక్షలు నేర్చుకోవడానికి నన్ను కొన్ని వారాలు హైదరాబాదు పంపారు. అక్కడి లాబు పెద్ద హబీబ్ సార్. సన్నటి మనిషి. కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అప్పుడు ముందుకు వంగి వినాల్సి వచ్చేది, అదే ఎక్కువ భయంగా ఉండేది. నేను పనిచేసిన పెద్దల్లో చాలామంది తప్పు చేస్తే తిట్టారు. తప్పు ఎక్కడ మొదలైందో నాతోనే వెతికించింది ఈయన ఒక్కడే.

ఆయన దగ్గర విదేశం నుంచి తెప్పించిన చిన్న సీసాలు ఐసులో ఉండేవి. వాటితోనే మార్కర్ పరీక్షలు. సూటిగా చెప్తాను. ప్రతి రకం కణం తనదైన కొన్ని ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. క్యాన్సరుగా మారి రూపం చెడినా వాటిలో కొన్నింటిని వదలదు. ఒక్కో ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే ద్రవం ఒక్కో సీసాలో ఉంటుంది. దాన్ని ముక్క మీద చుక్కలుగా వేసి, తర్వాత రంగు కలిపితే, ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. లేకపోతే రాదు. సీఈఏ అనే ప్రోటీన్ గ్రంథి క్యాన్సర్లలో చాలావాటికి ఉంటుంది, మీసోథీలియోమాకు దాదాపు ఉండదు. ల్యూ ఎమ్ వన్ అనేదీ అంతే.

పాత దిమ్మలు ఏవైనా ఉంటే తెమ్మన్నారు. యాదగిరిది తీసుకుపోయాను. ఆ ముక్కతో పాటు, సీఈఏ తప్పకుండా ఉండే పేగు క్యాన్సర్ ముక్క ఒకటి పక్కన పెట్టించారు సార్.

"గిదెందుకు పెడ్తున్నమో ఎర్కేనా సుగుణా? గోధుమరంగు రాకపోతె తప్పు ముక్కదా, మందుదా? తెల్వాలె గద."

సాయంత్రానికి స్లైడ్లు వచ్చాయి. పేగు ముక్క ముదురు గోధుమరంగులో మెరుస్తోంది. మందు బాగానే పనిచేసింది. యాదగిరి ముక్క నీలంగా, వట్టిగా ఉంది. కటకం మార్చి చూశాను. ఎక్కడా ఒక్క గోధుమ చుక్క లేదు. ల్యూ ఎమ్ వన్ కూడా అంతే.

సార్ నాకు వినబడీ వినబడకుండా అడిగారు. "అప్పుడు ఎర్రరంగు పరీక్ష జేసినవా?"

"చేసిన సార్. ఎర్రగ వచ్చింది."

"ఉమ్మేసి?"

తల అడ్డంగా ఊపాను. ఆయన కొత్తగా కోసిన స్లైడు నా ముందు పెట్టారు. ఆ గది మధ్యలో, నలుగురు చూస్తుండగా, నోరు ఎండిపోయి ఉమ్మి రాలేదు. నీళ్లు తాగి, కాసేపాగి వేశాను. కడిగి రంగు వేసి చూస్తే ఎరుపు లేదు. పూర్తిగా పోయింది. రెండేళ్ల కింద ఆ చిన్న పని చేసి ఉంటే ఆ మనిషి కడుపు కోసేవాళ్లు కాదు.

ఆ గడ్డతో ఎలాగూ బతకడు గదా అని తర్వాత నన్ను ఓదార్చినవాళ్లున్నారు. నిజమే, బతకడు. కానీ మిగిలిన నెలలు ఇంట్లో, భార్య చేతి గంజి తాగుతూ గడిచేవి. అవి నేను తీసుకున్నాను.

"గీయన ఏం పని జేసెటోడు?" అడిగారు సార్.

"ఫారం మీద కూలీ అని ఉంది."

"ఏం కూలీ? మట్టి మోసిండా? రాయి కొట్టిండా? రేకులు కోసిండా?"

"తెల్వదు సార్."

"మార్కర్ సగం జవాబే ఇస్తది. సీఈఏ లేదని చెప్పింది గంతే. మిగిలింది వాళ్ల ఇంట్ల అడిగి రా. పో."

గోనె పట్టాలు

ఊరు నల్లగొండ నుంచి బస్సులో గంటన్నర, తర్వాత నడక. యాదగిరి భార్య బాలమణి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. నేనెవరో చెప్పాను. నా రిపోర్టు సంగతి చెప్పలేదు. మంచినీళ్లిచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది.

యాదగిరి ఎక్కడ పనిచేసేవాడని అడిగాను.

"పట్నం దిక్కు సిమెంటు రేకుల ఫ్యాక్టరీల జేసిండు. ఇరవై ఏండ్లు. సంచులిప్పి పోసుడు పని. పట్నంలనే కిరాయి అర్ర తీస్కొని ఉన్నం. దమ్ము వట్టినంక ఊరికొచ్చినం."

"సంచుల్ల ఏముండేది?"

"తెల్లగ దూదోలె ఉంటుండె. రాతినార అంటుండ్రి. మబ్బు లెక్క ఎగురుతుండెనట. ఇంటికొస్తె బట్టలు, ఎంటికెలు అన్ని తెల్లగ. నేనే గోడకు కొట్టి దులిపి పిండెటిదాన్ని."

గోడకు కొట్టి ఎలా దులిపేదో చేయి ఊపి చూపించింది. నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. రాతినార అంటే ఆస్బెస్టాస్. ఆ నారపోగులు కంటికి కనపడనంత సన్నవి. ఊపిరితో పోయి, పొర దాకా దిగి, అక్కడే ఉండిపోతాయి. గడ్డ లేవడానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు, నలభై పట్టొచ్చు.

లోపలినుంచి దగ్గు వినిపించింది. గుమ్మానికి ఒక గోనెతెర వేలాడుతోంది. దాని వెనక, కింద పరిచిన గోనెపట్టా మీద తొమ్మిదేళ్ల పిల్ల జ్వరంతో పడుకుని ఉంది. ఆ పట్టా నాలుగు సంచులు విప్పి కుట్టింది. కుట్ల మధ్య తెల్లటి నూగు ఇంకా కనబడుతూనే ఉంది.

"గియ్యి ఫ్యాక్టరీ సంచులేనా?"

"ఔనమ్మా. ఊకెనే ఇస్తుండ్రి. మందంగ, ఎచ్చగ ఉంటయి. మా సులోచన పుట్టిన కాన్నుంచి గీటి మీదనే పంటది."

నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్ల తొమ్మిదేళ్లుగా పీలుస్తున్న గాలిని నేను ఒక్క నిమిషం పీల్చడానికి భయపడ్డాను. తేరుకుని, ఆ సంచులన్నీ తీసేయాలని చెప్పాను.

"ఎందుకమ్మా? మంచిగనే ఉన్నయి గద?"

"దుమ్ము మంచిది కాదక్కా. దులపొద్దు, కాల్చొద్దు. నీళ్లు పోసి మంచిగ తడిపి, గుంత తీసి పూడ్చి పెట్టున్రి."

నేనుండగానే చేయించాను. పక్కింటాయన గుంత తీశాడు. బాలమణి తడి పట్టాలు మోసుకొచ్చి పడేసింది. నేను బయలుదేరుతుంటే ఆమె చేతులు కడుక్కుంటూ అడిగింది.

"అమ్మా, గా రోగం నాకు, నా బిడ్డకు వస్తదా?"

"రాదు. అది అంటురోగం కాదు" అన్నాను.

రెండో మాట నిజం. మొదటిది అబద్ధం. బస్సులో కూర్చున్నాక, ఏం చెప్పి ఉండాల్సిందో ఎన్నో రకాలుగా మాటలు కూర్చుకున్నాను. దిగి వెనక్కి మాత్రం పోలేదు.

దవాఖానకు వచ్చి రిపోర్టు సరిచేసి మా సూపరింటెండెంటు ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ కాగితం అంటే హడలిపోయేవాడు. "సచ్చినోని రిపోర్టు మారుస్తవా? సరే, గడ్డ పేరు మార్చు. గా రాతినార సంగతి మాత్రం రాయకు. రేపు ఎవడొస్తడో ఏమంటడో, నీకెందుకమ్మా?" అన్నాడు. నేను రాయలేదు. ఎవరూ రాలేదు కూడా. వస్తారేమోనన్న భయం ఒక్కటే మా ఇద్దరి నోళ్లూ మూసింది. ఆ సంచులు మోసిన మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో నేను ఆరా తీయలేదు. ఇందులో ఆయన్ని అనడానికేమీ లేదు. కలం నా చేతిలోనే ఉంది.

ఖాజా మియా

భయం మనిషిని జాగ్రత్తపరుడిని చేస్తుందంటారు. నన్ను మాత్రం కొన్నాళ్లు గుడ్డిదాన్ని చేసింది. యాదగిరి తర్వాత ఛాతీ పొర ముక్క ఏది వచ్చినా నాకు మీసోథీలియోమాలాగే కనిపించేది.

తొంభైల మొదట్లో నన్ను మహబూబ్‌నగర్‌కు మార్చారు. అక్కడ ఖాజా మియా అనే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ముక్క వచ్చింది. ఆయన జీవితమంతా ఇళ్లకు సిమెంటు రేకులు బిగించాడు, రంపంతో కోశాడు. ఈసారి నేనే అడిగి రాసుకున్నాను. ముక్కను హైదరాబాదు పంపితే సీఈఏ లేదు, ల్యూ ఎమ్ వన్ లేదు. ఇంకేం కావాలి? మీసోథీలియోమా అని రిపోర్టు రాసి, పంపేముందు హబీబ్ సార్‌కు ఫోన్ చేశాను.

ఆయన గొంతు తగ్గింది. "రెండు లేవని మూడోది ఉన్నట్టా సుగుణా? సీఈఏ లేని క్యాన్సర్లు ఎన్ని లేవు? పెద్దాయనకు నడుము నొప్పి ఉన్నదా? ఒంటికి మంచిగ పోతున్నదా?"

అడగలేదు. రేకుల దగ్గరే ఆగిపోయాను. వార్డుకు పోయి అడిగితే, ఏడాదిగా నడుము నొప్పి, మూత్రం పోవడం కష్టం. ప్రోస్టేట్ గ్రంథి మాత్రమే చేసే పీఎస్ఏ అనే ప్రోటీన్‌కు పరీక్ష చేయించాం. స్లైడు నిండా గోధుమరంగు. అది ప్రోస్టేట్ నుంచి పాకిన క్యాన్సర్. దానికి వైద్యం ఉంది. దాన్ని పెంచే హార్మోను తయారయ్యే వృషణాలు తీసేస్తే గడ్డ ముడుచుకుంటుంది. నా రిపోర్టు వెళ్లి ఉంటే, ఏమీ చేయలేమని చెప్పి ఆయన్ని ఇంటికి పంపేసేవాళ్లు.

ఖాజా మియా ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఏటా చలికాలం మొదట్లో లాబు గుమ్మం ముందు సీతాఫలాల గంప దించి, "బేటీ, మంచిగున్నవా? జర నీ సెహత్ గూడ చూస్కో" అనేవాడు. ఆ పండ్లు నేను ఎప్పుడూ నిమ్మళంగా తినలేకపోయాను. సంతకం కాని ఆ రిపోర్టు చాలాకాలం నా దగ్గరే ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు చూపించి, ఒక్క మార్కర్ మాట విని ఎన్నడూ తీర్పు చెప్పొద్దనేదాన్ని. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి పేరు పెట్టాలి.

కానీ మీసోథీలియోమాకు ఉన్నది ఏమిటో చూపే మంచి మార్కర్ అప్పటికి మా చేతికి రాలేదు. అది వచ్చేసరికి తొంభైల చివరి సంవత్సరాలయ్యాయి. దాని పేరు కాల్‌రెటినిన్. అది మీసోథీలియోమాలో గోధుమరంగు ఇస్తుంది, గ్రంథి క్యాన్సర్లలో చాలావాటిలో ఇవ్వదు. మా ప్రాంతం నుంచి నేను దానికోసం పంపిన మొదటి ముక్క ఎవరిదో మీరు ఊహించే ఉంటారు.

రెండోసారి బాలమణి

ఫారం మీద పేరు చూసినప్పుడు గుర్తుపట్టలేదు. పేరు కింద, ఛాతీ డాక్టరు నేను చెప్పినట్టే ఇంటి వివరాలు రాశాడు. "భర్త సిమెంటు రేకుల కర్మాగారంలో చేసేవాడు. చనిపోయాడు." పేరు మళ్లీ చదివాను. కూతురు సులోచనకు కల్వకుర్తి వైపు పెళ్లైందట, బాలమణి ఆమె దగ్గరే ఉంటోంది. కుడివైపు నీరు.

మైనపు దిమ్మను ఎవరి చేతికీ ఇవ్వలేదు. చేతిసంచిలో పెట్టుకుని నేనే బస్సెక్కాను. దారి పొడుగునా నేను కోరుకున్నది చెప్తే మీకు రోత పుడుతుంది. సీఈఏ గోధుమరంగు రావాలని, ఆమెకు ఇంకేదైనా క్యాన్సర్ అయి ఉండాలని కోరుకున్నాను. ఇంకేదైనా అయితే నేను చెప్పిన అబద్ధం అబద్ధం కాకుండా పోతుంది.

హబీబ్ సార్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. కంటి ఆపరేషనయింది. అయినా ఆయనే కూర్చున్నారు. సీఈఏ లేదు. ల్యూ ఎమ్ వన్ లేదు. గ్రంథి క్యాన్సర్లు చూపే ఇంకో మార్కర్ లేదు. కాల్‌రెటినిన్ వేసిన చివరి స్లైడు పెట్టి, చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపి నన్ను చూడమన్నారు. కణాల ఒళ్లూ, నడిమి గింజా, అన్నీ గోధుమరంగు. పోల్చి చూడడానికి పక్కన పెట్టిన ముక్కలు రెండూ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. అనుమానానికి చోటు లేదు.

"ఈమె ఎవరో నీకెర్కనా?" అడిగారు. చెప్పాను. ఆయన మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి లేచారు. నన్ను బస్టాండు దాకా తన స్కూటరు మీద దింపారు.

రోగికి చెప్పడం పాథాలజిస్టు పని కాదు. వార్డు డాక్టరు చెప్తాడు. అయినా నేనే వెళ్లాను. బాలమణి మంచం మీద ముందుకు వంగి, దిండు మీద మోచేతులు ఆనించి కూర్చుంది. పడుకుంటే ఊపిరాడదు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"గుంత తీపించిన డాక్టరమ్మ గద నువ్వు?"

"ఔనక్కా."

"మా ఆయన రోగమేనా నాకు?"

"ఔను."

కాసేపు ఊపిరి తీసుకుంది. "అప్పుడు రాదంటివి గదమ్మా."

"నువ్వు భయపడ్తవని చెప్పలే."

"నాకు భయమైతదని చెప్పలేదా, నీకు భయమై చెప్పలేదా?"

పదమూడేళ్లు నన్ను నేను అడగకుండా తప్పించుకున్న మాట అది. "నాకే భయమైందక్కా" అన్నాను. యాదగిరి ముక్క మీద నేను రాసిన తప్పు పేరు గురించి కూడా అప్పుడే చెప్పాను. ఉమ్మి వేయని స్లైడు గురించీ, కడుపు కోసిన కారణం గురించీ. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

తర్వాత అడిగింది. "నా కడుపు కోస్తరా?"

"కొయ్యరు. ఈసారి పేరు తెలుసు. కోసే పని లేదు."

"నయమైతదా?"

"కాదక్కా."

"గట్లయితె ఇంటికి తోలున్రి." ఆగి, నా చేయి పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా బలం ఉంది. "నా బిడ్డకు మాత్రం అబద్ధం జెప్పకు."

పట్నం పంపి మందులెక్కిద్దామన్న డాక్టర్లతో నేను రెండు రోజులు వాదించాను. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా నీరు తీయించి, నొప్పికి మందిచ్చి ఇంటికి పంపేలా ఏర్పాటు చేశాం. ఏడు నెలలు బతికింది. ఇంట్లోనే, కూతురి చేతుల్లో పోయింది. పేరు సరిగ్గా రాయడం వల్ల ఆమెకు దక్కింది ఇంతే. పెద్ద విషయం కాదు. యాదగిరికి అది కూడా దక్కలేదు.

సులోచన

దినాలైన తర్వాత సులోచన తనే లాబుకు వచ్చింది. ఇరవై రెండేళ్లు. కొంగు భుజాల చుట్టూ బిగించుకుని, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మ మిమ్మల్నే అడగమన్నది. నాకు వస్తదా మేడం?"

"రావచ్చు. రాకపోవచ్చు. రాదని నేను చెప్పలేను."

"ఎప్పుడొస్తది?"

"వస్తె ఎప్పుడైనా. నీకు నలభై దాటినంక, యాభై దాటినంక."

"గీ పరీక్ష ఇప్పుడు జేస్తె తెల్వదా? గా గోధుమరంగు పరీక్ష?"

తెలియదని చెప్పాను. గడ్డ లేస్తేనే ముక్క ఉంటుంది, ముక్క ఉంటేనే మార్కర్ ఉంటుంది. లేవకముందు చెప్పేది మా దగ్గర ఏదీ లేదు. ఆమె ఏడవలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "మరి నేనెట్ల పండుకోవాలె మేడం రోజూ?" అంది. ఏడాదికొకసారి రమ్మన్నాను, ఛాతీ ఫోటో తీసి చూద్దామన్నాను. అది గడ్డను ఆపదు, ముందుగా పట్టుకుంటుందన్న నమ్మకం కూడా లేదు. అయినా ఇద్దరం ఒకే భయాన్ని చెరొక వైపు పట్టుకున్నట్టు ఉంటుందనిపించింది.

అప్పటినుంచి ఏ ఏడూ తప్పలేదు. నేను రిటైరయ్యాక ఫోటో పట్టుకుని ఇంటికే వస్తోంది. ఇద్దరు పిల్లలు. చిన్నవాణ్ణి మొదటిసారి తెచ్చినప్పుడు, ఇంట్లో ఎక్కడా పాత గోనె ముక్క కూడా లేదని అడగకుండానే చెప్పింది. ఫోటోను కిటికీకి ఎత్తిపట్టి, కుడి అంచు వెంట, ఎడమ అంచు వెంట వేలితో దిగుతాను. ఆమె నా వేలినే చూస్తుంది. ఏమీ లేదన్నాకే కుర్చీలో వెనక్కి వాలుతుంది. ఇప్పుడు ఆమెకు నలభై దాటి చాలా ఏళ్లయింది.

ఈసారి ఆమె రావలసిన నెల దాటిపోయింది. ఈ రోజు పొద్దున ఫోన్ చేశాను.

"పత్తి ఏరుడు ఉండె మేడం. ఐతారం వద్దామనుకున్న."

"ఒంట్ల మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. దగ్గేం లేదు." మళ్లీ తనే అందుకుంది. "చేన్ల మూట ఎత్తితె జర ఆయాసమైతాంది. కుడి దిక్కు పట్టేసినట్టు. బరువులు మోస్తున్న గద, గందుకే అనుకున్న."

ఆదివారం దాకా ఆగొద్దని, రేపు మొదటి బస్సుకే రమ్మని చెప్పాను. సరే అంది. పెట్టేస్తుందనుకున్నాను.

"మేడం, మీ గొంతేంది గట్లున్నది?" అంది.

ఏం లేదని అనబోయాను.

"భయమైతున్నదమ్మా" అన్నాను. "నువ్వైతే రా. బస్టాండు కాడ నేనుంట."